మీ కథలో ఆ ఎకరంన్నర ఎవరికి పోతుంది?

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేనొక సైకలాజికల్ థ్రిల్లర్ సీరియల్ రాస్తున్నాను, వారానికో భాగం. సుజాత, మురళి విజయవాడలో ఒక ఫ్లాట్‌లో ఉంటారు. పెళ్ళై ఆరేళ్ళు, పిల్లల్లేరు. తండ్రి పోయాక సుజాతకి వాటాగా తెనాలి దగ్గర ఎకరంన్నర పొలం వచ్చింది. ఆ పంపకాల్లోనే తమ్ముడితో మాటలు పోయాయి. ఇంట్లో వస్తువులు మాయమవుతుంటాయి. ఆమె చేసిన పనుల్ని చేయలేదనీ, చేయనివి చేసిందనీ మురళి అంటుంటాడు. ఆమె మురళి అక్కని నమ్మి అన్నీ చెప్పుకుంటుంది. ఆ అక్క కూడా నాటకమాడుతోందని చివర్లో బయటపడుతుంది. మురళి సుజాతకి పిచ్చని సంతకం పెట్టి ఆసుపత్రిలో చేర్పించి, పొలం కోసం అక్కడే చంపించబోతాడు. కానీ నాలుగో భాగానికే పాఠకులు 'మొగుడే చేస్తున్నాడు' అని రాసేశారు. మా తోటికోడలైతే 'ఇంత అమాయకురాలు ఎక్కడుంటుంది' అని నవ్వింది. భర్తని ఎలా దాచాలి? సుజాత తెలివితక్కువదిగా కనిపించకుండా ఎలా రాయాలి? ఇంకొక సంగతి. ఒక పాఠకురాలు 'ఇది మా ఇంట్లో జరుగుతున్నదే, నేనేం చేయాలి' అని మెసేజ్ పెట్టారు. ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

— ఒక రచయిత్రి, గుంటూరు జిల్లా

సమాధానం:

సుజాతని చంపితే మురళికి చిల్లిగవ్వ రాదు. అక్కడినుంచే మొదలుపెడతాను. మీ మొదటి రెండు ప్రశ్నలకీ జవాబు ఆ పొలంలోనే ఉంది.

వీలునామా రాయకుండా స్త్రీ చనిపోతే ఆమె ఆస్తి ఎవరికి వెళ్తుందో చెప్పేది 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని సెక్షన్ 15. మామూలుగా అయితే పిల్లలూ భర్తా ముందు వరసలో ఉంటారు. అయితే అదే సెక్షన్ రెండో భాగంలో ఒక మెలిక ఉంది. తల్లి నుంచో తండ్రి నుంచో వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే, ఆమెకి పిల్లలు గానీ, చనిపోయిన పిల్లల పిల్లలు గానీ లేనప్పుడు, అది భర్తకి పోదు. ఆమె తండ్రి వారసులకి తిరిగి వెళ్తుంది. మీ సుజాతకి పిల్లల్లేరు. పొలం తండ్రి పోయాక వాటాగా వచ్చింది. అంటే ఆమె పోయిన మర్నాడు ఆ ఎకరంన్నర మీరు సీరియల్ రెండో భాగంలో గొడవపెట్టి వదిలేసిన తమ్ముడి వైపుకి పోతుంది.

తండ్రి బతికుండగానే పసుపుకుంకుమ కింద దానపత్రం రిజిస్టర్ చేసి ఇచ్చుంటే లెక్క మారేది. అది వారసత్వం కాదు గనక ఈ మినహాయింపు వర్తించేది కాదు, మురళి వరసలోకి వచ్చేవాడు. సుజాత అతని పేర వీలునామా రాసినా మారేది. మీరు రెండూ రాయలేదు. మన వైపు పొలం తగాదాలు నాలుగు చూసిన పాఠకుడెవరైనా చివరి భాగం చదివి 'ఇదెక్కడి తిరకాసమ్మా' అంటారు. తెనాలివాళ్ళయితే కనుక్కుని ఫోన్ చేసి మరీ అంటారు.

ఇది చదవగానే ఒక దొంగ వీలునామా ఇరికించి గండం గట్టెక్కాలని మీకు అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఈ చట్టం మీ కథకి అడ్డమొచ్చిందనుకోవద్దు, అసలు కథ దీంతోనే పుడుతుంది. మురళికి సుజాత చావు అక్కర్లేదు. ఆమె బతికుండాలి, తన చేత్తో సంతకం పెట్టాలి.

ఆ సంతకం పెట్టేనాటికి ఆమెకి మతిస్థిమితం కూడా ఉండాలి. మతిస్థిమితం లేని మనిషి చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతుంది, ఆస్తి రాసివ్వడానికీ అదే అర్హత. రిజిస్ట్రేషన్ చట్టం, 1908లో సెక్షన్ 35 చూడండి. రాసిచ్చే మనిషి మతి తప్పినట్టు కనిపిస్తే సబ్ రిజిస్ట్రార్ ఆ దస్తావేజుని తిప్పి పంపాలి. కాబట్టి మురళి చేస్తున్నది కత్తి మీద సాము. ఇంట్లో సుజాత తనని తాను నమ్మకూడదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాత్రం చక్కగా తల దువ్వుకుని, పేరడిగితే పేరు చెప్పి, ఇష్టపూర్వకంగానే ఇస్తున్నానని చెప్పి, వేలిముద్రలు వేసి, ఫొటో దిగి రావాలి. గురువారం దాకా 'నీకేం గుర్తుండట్లేదు సుజా' అన్న మనిషే శుక్రవారం పొద్దున 'నీ అంత తెలివిగలది మా వంశంలో లేదు' అంటాడు. ఆ ఒక్క పూటలో అతని గొంతు మారడం సుజాత గమనిస్తుందా లేదా? నన్నడిగితే, గమనిస్తుంది. గమనించి, సంతోషిస్తుంది. ఎన్నాళ్ళకో మెచ్చుకున్నాడు గదా. మీ సీరియల్‌లో అన్నిటికన్నా భయంకరమైన పేజీ అదే కావాలి, అందులో కత్తులూ మాత్రలూ ఏమీ ఉండవు.

దీంతో మీ ఆసుపత్రి భాగం మొత్తం ఎగిరిపోతుంది. పోనివ్వండి. మొగుడి ఒక్క సంతకంతో ఆడమనిషిని ఎర్రగడ్డ, చినవాల్తేరు లాంటి పిచ్చాసుపత్రికి పంపించేయడం పాత సినిమాల్లో నడిచింది. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, మనిషి ఒప్పుకోకుండా చేర్చాలంటే ఒక సైకియాట్రిస్టూ, ఆ రంగంలోని మరో నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించి తేల్చాలి. ఆ చేర్చడం కూడా మొదటి విడత 30 రోజులకి మించదు. చేరింది స్త్రీ అయితే మూడు రోజుల్లో మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి తెలపాలి. తన తరఫున మాట్లాడే ప్రతినిధిగా ఎవరుండాలో తెల్లకాగితం మీద రాసుకునే హక్కు ఆమెకే ఉంది. ఇన్ని అడ్డంకులుండగా, పొలం కావాల్సినవాడు ఆ గడప తొక్కుతాడా? ఆసుపత్రిలో ఫైలు తయారైన రోజే అతని పథకం చచ్చింది. రేపు తమ్ముడు కోర్టుకెళ్ళి, 'మా అక్క మతిస్థిమితం లేనప్పుడు సంతకం పెట్టించుకున్నాడు, ఇవిగో కాగితాలు' అంటే మురళి దగ్గర జవాబుండదు.

అందుకని మీ మురళి ఆమెని ఏ డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళడు. తీసుకెళ్ళాల్సి వస్తుందేమోనని దిగులుపడతాడంతే. 'నిన్ను అలాంటి చోటికి పంపనిస్తానా, నేనున్నాగా' అంటాడు. ఆమే ఒకరోజు 'పోనీ ఒకసారి చూపించుకుందామా' అంటే వద్దంటాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ వద్దంటాడు. మొదటిసారి చదివే పాఠకురాలికి అది ప్రేమగానే కనిపిస్తుంది. అంతా తెలిశాక వెనక్కొచ్చి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. రెండుసార్లూ ఒకే వాక్యం, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఇలాంటివి కథలో ఓ పది పడితే చాలు.

ఇక తమ్ముణ్ణి వెనక్కి తీసుకురండి. వాడు లేకుండా ఈ కథ నడవదు. సెక్షన్ 15ని మురళి నోటే పలికించండి. 'నీకేమన్నా అయితే ఆ పొలం ఎవరికి పోతుందో తెలుసా? నాక్కాదు, మీవాడికి. లాయరు చెప్పాడు.' ఇది పచ్చి నిజం. సుజాత వెళ్ళి వేరే లాయరుని అడిగినా నిజమే అంటాడు. ఫోన్‌లో వెతికినా అదే కనబడుతుంది. నిజమేనని తేలినకొద్దీ మురళి మీద ఆమె నమ్మకం పెరుగుతుంది. తర్వాత చిన్నగా ఒక్కడుగు. మాయమైన వస్తువులు, తలుపు దగ్గర చప్పుళ్ళు, తమ్ముడు విజయవాడ వచ్చిన రోజులు. 'వాణ్ణి అనుమానించకు సుజా, ఎంతైనా నీ రక్తం' అని మురళే వెనకేసుకొస్తాడు. వెనకేసుకొచ్చినకొద్దీ ఆమెకి అనుమానం ముదురుతుంది. పొలం ఆమె పేరున లేకపోతే వాడికి ఆమెతో పనే ఉండదన్న ఆలోచన చివరికి ఆమెకే వస్తుంది. ఎవరి పేరున పెట్టాలో కూడా ఆమే అంటుంది. మురళి రెండుసార్లు కాదంటాడు.

మీ పాత కథలో సుజాత తప్పు మనుషుల్ని నమ్మింది, అంతే. ఇందులో నమ్మదగ్గ ఒకే ఒక్క మనిషిని దూరం కూడా చేసుకుంటోంది. రెండూ కలిస్తేగాని ఉచ్చు బిగుసుకోదు. పుట్టింటితో మాటలు పోయిన ఆడపిల్లకి అత్తింట్లో నోరు ఎంత పడిపోతుందో నేను చెప్పాలా?

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. భర్తని ఎలా దాచాలి? దాచలేరు. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో ఇద్దరు మనుషుల్ని పెట్టి వస్తువులు మాయం చేస్తుంటే పాఠకులు ఎవర్ని అనుమానిస్తారు, వాచ్‌మన్‌నా? ఆ పోటీలో మీరు ఓడిపోతారు, నాలుగో భాగానికే ఓడిపోయారు కూడా. మురళి అబద్ధమాడుతున్నాడని మొదటి భాగంలో మీరే చెప్పేయండి. ఏం దాస్తున్నాడో మాత్రం చెప్పకండి. ఐదో భాగంలో ఒక రహస్యం బయటపడనివ్వండి. ఉద్యోగం పోయింది, రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరి బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఎక్కడో కూర్చుని సాయంత్రానికి ఇంటికొస్తున్నాడు. సుజాత ఏడుస్తుంది, అతనూ ఏడుస్తాడు, క్షమిస్తుంది. పాఠకులు కూడా 'అయ్యో, ఇందుకా' అనుకుని అతన్ని అనుమానించినందుకు నొచ్చుకుంటారు. ఒకసారి మనిషిని అనుమానించి నొచ్చుకున్నవాళ్ళు రెండోసారి అంత తొందరగా అనుమానించరు. ఉద్యోగం పోకముందే షేర్ మార్కెట్లో ఆప్షన్స్ ట్రేడింగ్ చేసి పోగొట్టిన డబ్బు సంగతి ఆ ఏడుపు వెనక ఎవరికీ కనబడదు.

ఆ ట్రేడింగ్ ఊరికే అనలేదు. మీ మురళికి ఇప్పుడున్న కారణం దురాశ ఒక్కటే. దురాశ ఒక్కటే పెడితే సినిమా విలన్ అవుతాడు. షేర్ మార్కెట్లని నియంత్రించే సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన లెక్క ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. అలాంటి మగవాళ్ళు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నారు, చాలామంది ఇళ్ళల్లో ఇంకా చెప్పలేదు. మురళి వాళ్ళలో ఒకడు. మొదట పొలం తాకట్టు పెట్టి రెండు నెలల్లో విడిపిద్దామనుకున్నాడు. అడగడానికి సిగ్గుపడ్డాడు. అడగలేక ఆడిన మొదటి అబద్ధాన్ని కప్పడానికే, 'నేనెప్పుడన్నాను, నువ్వే మర్చిపోయుంటావు' అన్న మాట మొదటిసారి నోరుజారింది. ఆమె నమ్మేసింది. నమ్ముతుందని అతనికి ఆ రోజే తెలిసింది. అక్కణ్ణుంచి మీరు రాసుకోగలరు.

మీ తోటికోడలి నవ్వు దగ్గరికొద్దాం. (ఆమెని పోగొట్టుకోకండి, అలా మొహమ్మీద చెప్పే పాఠకులు దొరకరు.) ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే, కానీ అందులో ఒక భ్రమ ఉంది. తెలివైనవాళ్ళు అబద్ధాన్ని పట్టేస్తారనుకుంటాం. చార్లెస్ బాండ్, బెల్లా డెపాలో అనే ఇద్దరు పరిశోధకులు అబద్ధాన్ని గుర్తించడం మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2006లో లెక్కేస్తే, నిజమా అబద్ధమా అన్నది జనం సరిగ్గా చెప్పింది సగటున నూటికి 54 సార్లు. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. మనిషి మాట నిజమనుకుని మొదలుపెట్టడం మన మామూలు స్థితి అంటాడు టిమొతీ లెవీన్ అనే మరో పరిశోధకుడు. అలా అనుకోకపోతే పాలవాడితో కూడా బేరం తెగదు. కాబట్టి సుజాత నమ్మడానికి మీరు సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఎందుకంత గట్టిగా నమ్మిందో చూపించండి చాలు.

అదే మీ కథలో లేదు. ఆరేళ్ళ కాపురం అన్నారు, ఆ ఆరేళ్ళలో మురళి చేసిన ఒక్క మంచిపనీ పాఠకులకి చూపించలేదు. సుజాత తండ్రి గుంటూరు ఆసుపత్రిలో ఐసీయూలో ఉన్నప్పుడు బయట బెంచీల మీద రాత్రుళ్ళు పడుకున్నది ఎవరు? రక్తం కోసం తిరిగింది ఎవరు? కొడుకు 'సెలవు దొరకలేదు' అని మూడో రోజు వచ్చాడనుకోండి. పెద్దాయన ఆఖరి రోజుల్లో 'అల్లుడు కాదమ్మా, కొడుకు' అన్నాడనుకోండి. అప్పుడు మురళి నిజంగానే చేశాడు, నటించలేదు. ఒక భాగం నిండా ఇదే రాయండి, ఏ నీడా పడకుండా, పాఠకులు కూడా అతనికి బాకీ పడేలా. తర్వాత అతని మాటని కాగితాలు తీసి తనిఖీ చేయాలంటే సుజాతకి ఏం అడ్డొస్తుంది? ఆ బెంచీ అడ్డొస్తుంది. మన ఇళ్ళల్లో మొగుణ్ణి 'ఆ కాగితం చూపించండి' అనడమంటే నిన్ను నమ్మట్లేదని చెప్పడమే. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ వరసగా చూపించే పత్రం, తీయించడం మీసేవకి వెళ్తే అయ్యే పని, దాని ఖరీదు కాపురంలో మరోలా ఉంటుంది. పోతే ఆమెకి ఏదో ఒక విషయంలో పదునైన తెలివి ఇవ్వండి. స్కూల్లో లెక్కల టీచరయితే బాగుంటుంది, పిల్లలు స్టెప్పులు ఎక్కడ కాపీ కొట్టారో చిటికెలో పట్టేస్తుంది. అప్పుడు మీ తోటికోడలు నవ్వదు, భయపడుతుంది.

జ్ఞాపకాల ఆట మీరు మరీ మోటుగా ఆడించారు. 'నువ్వు స్టవ్ కట్టేయలేదు' అని మురళి చెబుతాడు, ఆమె 'కట్టేశాను' అంటుంది, ఇద్దరూ వాదించుకుంటారు. ఎదురుగా చెప్పిన అబద్ధానికి మనసు ఎదురుతిరుగుతుంది. అబద్ధాన్ని ప్రశ్నలో కలిపేయండి. 'నిన్న స్టవ్ వెలుగుతుంటే పైనింటి ఆంటీ వచ్చి చెప్పిందా, నువ్వే చూసుకున్నావా?' ఇప్పుడు ఆమె ఆంటీ వచ్చిందా లేదా అని ఆలోచిస్తుంది, స్టవ్ సంగతి అప్పటికే ఒప్పేసుకుంది. ఇది నా కల్పన కాదు. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు విద్యార్థులకి కార్ల ప్రమాదం ఫిల్మ్ చూపించి, ఎంత వేగంతో గుద్దుకున్నాయని అడిగారు. కొందరితో మామూలుగా గుద్దుకోవడం అన్నారు, కొందరితో నుజ్జయ్యేలా గుద్దుకోవడం అనే అర్థమొచ్చే మాట వాడారు. వారం తర్వాత పిలిచి, పగిలిన గాజుముక్కలు చూశారా అనడిగితే, మామూలు మాట విన్న 50 మందిలో 7 మంది, గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఆ ఫిల్మ్‌లో గాజుముక్కలే లేవు.

వారం తర్వాత అన్నాను చూశారా. మీదీ వారానికో భాగం సీరియలే. ఈ అదృష్టం నవల రాసేవాళ్ళకి లేదు. మూడో భాగంలో సుజాత స్టవ్ కట్టేయడం ఒక అరవాక్యంలో, వేరే గొడవ మధ్యలో, నిజంగా చూపించండి. ఐదో భాగంలో మురళి చేత ఆ ప్రశ్న అడిగించండి. పాఠకుల్లో సగం మందికి గుర్తుండదు. వెనక్కెళ్ళి చూసుకున్నవాళ్ళకి అక్కడ రాసి ఉంటుంది కాబట్టి మీరు మోసం చేసినట్టూ కాదు. మీది 'నేను' అని సాగే కథ గనక ఈ నిజాయితీ మరీ అవసరం. సుజాతకి తెలిసింది ఆమె దాచకూడదు, తప్పుగా గుర్తుపెట్టుకోవచ్చు. వస్తువులు మాయం చేయడం బాగా తగ్గించండి. కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరకడం దగ్గర నాకూ నవ్వొచ్చింది.

మురళి అక్క. ఆమెని కుట్రలోంచి బయటికి తీసేయండి. మీరు ఆమెకి మొదటినుంచీ ఓరచూపులు, ఫోన్లో గుసగుసలు పెట్టారు, అవీ తీసేయండి. ఆ వదిన నిజంగా మంచిది. సుజాత చెప్పుకున్నదంతా వింటుంది, కడుపులో పెట్టుకుంటుంది, రాత్రి మురళికి ఫోన్ చేసి 'ఒరేయ్, అది బాగా నలిగిపోతోందిరా, వాళ్ళ తమ్ముడితో మాట్లాడాలనుకుంటోంది, నువ్వే దగ్గరుండి కలుపు' అంటుంది. ప్రేమ కొద్దీ చెబుతుంది. సుజాత వేసే ప్రతి అడుగూ ఒకరోజు ముందే మురళికి తెలిసిపోతుంటుంది. చెడ్డ మనిషిని నమ్మి మోసపోతే పాఠకులు సుజాతని తిడతారు, మంచి మనిషిని నమ్మి మునిగిపోతే ఎవర్ని తిట్టాలో తెలియక విలవిల్లాడతారు. ఇంకా ఉంది. సుజాత మురళి పేర పొలం రాసిచ్చే దానపత్రానికి కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, ఆస్తి బదిలీ చట్టంలో సెక్షన్ 123. అందులో ఒక సంతకం వదినతో పెట్టించండి. 'మా మరదలు ఇష్టంగానే ఇచ్చింది, నేను పక్కనే ఉన్నా' అని రేపు చెప్పాల్సింది ఆమే. అంతా తెలిశాక మురళి పక్కన నిలబడుతుందా, సుజాత పక్కనా? మురళి పట్టుబడటం కంటే నాకు ఆ ఘట్టం మీదే ఆత్రంగా ఉంది.

సుజాతకి నిజం తెలిసేది ఎలా? సీసీ కెమెరాలు, దొరికిన పెన్‌డ్రైవులు వద్దు. కౌలురైతు ఫోన్ చేస్తాడు. 'అమ్మా, ఈసారి కౌలు అడ్వాన్సు కొత్తగా కొన్నాయనకి కట్టమన్నారు సారు. మీ చెవిన ఓ మాటేద్దామని.' ఇచ్చిన పొలాన్ని మురళి అమ్మేశాడు కూడా! ఆ రైతుకి ఏ కుట్రా తెలీదు, పద్ధతి గల మనిషి కాబట్టి అడిగాడంతే. లెక్కల టీచరు అప్పుడు మొదటిసారి ఈసీ తీయిస్తుంది. చదువుతున్నప్పుడు ఆమెకి ఏమనిపించిందో రాయకండి, ఈసీలో వరసలు మాత్రం రాయండి.

ముగింపుకి మీకింకో మెలిక ఇస్తాను, నచ్చితే వాడుకోండి. అనుచిత ఒత్తిడితో రాయించుకున్న పత్రాన్ని రద్దు చేయమని కోర్టుకెళ్ళొచ్చు, సంగతి తెలిసిన నాటినుంచి మూడేళ్ళ గడువు. లాయరు ఏమంటాడు? 'ఆ టైములో మీ మతి సరిగా లేదని చెప్పండమ్మా, పత్రమే చెల్లదు, కేసు తేలిక. కొన్నాయన కూడా ఏం చేయలేడు.' ఇన్ని నెలలూ మురళి ఆమె చేత ఒప్పించాలని చూసిన మాటే అది. పొలం కావాలంటే ఇప్పుడు కోర్టు బోనెక్కి తన నోటితో ఆమే చెప్పాలి. చెప్పకపోతే కష్టమైన దారి: నా మతి బాగానే ఉంది, నన్ను లొంగదీసుకున్నాడని నిరూపించాలి, మధ్యలో డబ్బిచ్చి కొనుక్కున్న మనిషితోనూ పోరాడాలి. మీ సుజాత ఏ దారి పడుతుందో మీకే తెలియాలి. తనూ మురళీ మాట్లాడుకున్న మాటలు ఆమె ఫోన్లో రికార్డు చేసుకుని ఉంటే, భార్యాభర్తల తగాదా కేసుల్లో అలా చాటుగా చేసిన రికార్డింగులని కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. కానీ దాన్ని ఆఖరి నిమిషంలో బయటికి తీసి చప్పట్లు కొట్టించుకోకండి. రికార్డింగ్ ఉండి కూడా ఆమె అది రెండుసార్లు విని, తనే పొరపాటు పడ్డానేమో అనుకునే రాత్రి ఒకటి ఉంటుంది. అది రాయండి.

చివరగా ఆ పాఠకురాలు. ఆమెకి జవాబివ్వకుండా ఊరుకోవద్దు, అలాగని కథకి సలహా ఇచ్చినట్టు ఆమెకి ఇవ్వొద్దు. మొగుణ్ణి వదిలేయమనీ, సర్దుకోమనీ రెండూ చెప్పకండి. ఆమె ఇంట్లో ఏం జరుగుతోందో మీకు తెలియదు. ఆమెకి తెలియాల్సినవి చెప్పండి. గృహహింస నిరోధక చట్టం, 2005 దెబ్బలకే పరిమితం కాదు. మాటలతో కించపరచడం, ఆమె డబ్బూ ఆస్తీ ఆమెకి దక్కకుండా చేయడం కూడా అందులో హింసే. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు, హింసకి గురైన ఆడవాళ్ళకి సాయపడే సఖి కేంద్రానికి వెళ్ళొచ్చు. లాయరు ఖర్చుకి భయపడక్కర్లేదు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్ళందరికీ ఉచిత న్యాయసహాయం హక్కు, ఆ ఫోన్ నంబరు 15100. ప్రాణానికి ముప్పనిపిస్తే 112. ఏ కాగితం మీదా తొందరపడి సంతకం పెట్టొద్దని, తన పేరున ఉన్న ఆస్తికి తనే వెళ్ళి ఒకసారి ఈసీ తీయించుకోమని చెప్పండి. నిద్ర, మతిమరుపు, భయం లాంటివి ఉంటే ఇంట్లోవాళ్ళు ఏమన్నా సరే డాక్టర్ని తనంతట తాను కలవమనండి. ఒక్కోసారి థైరాయిడ్ అయినా మతిమరుపు తెస్తుంది, అది కూడా తేలుతుంది.

అయితే ఇవన్నీ ఒకేసారి ఆ మెసేజ్ కింద రాసి పంపేయకండి. ముందు ఒక్క ముక్క పంపండి, ఎవరు చూసినా పర్వాలేనిది: 'మీ అభిప్రాయానికి థాంక్సండీ, కథ గురించి మాట్లాడాలంటే మీకు వీలైన టైము చెప్పండి.' ఆమె ఫోన్ చేస్తే మొదట అడగాల్సింది, ఆ ఫోన్ ఇంకెవరైనా చూస్తారా అని. చూస్తారంటే మిగతావి నోటిమాటగానే చెప్పండి, అక్షరం కూడా టైపు చేయొద్దు.